వీపున సంచి, దారిలో స్నేహితులు

మా అమ్మాయి చదువు నిమిత్తము జర్మనీ వెళ్ళిన రెండవ ఏట, ఒక రాత్రి ఫోను చేసి, "సెలవుల్లో వీపున సంచి తగిలించుకొని నాలుగు ఊళ్ళు తిరిగి వస్తాను నాన్నా" అంది. ఎవరితో అని అడిగాము. "ఒక్కదాన్నే. దారిలో ఎవరో ఒకరు స్నేహితులవుతారు" అంది. ఆ 'ఎవరో ఒకరు' అన్న మాటకు మాకు ఆ రాత్రి నిద్ర లేదు. పెళ్ళి కావలసిన పిల్ల. దేశము మనది కాదు, భాష మనది కాదు. సంఘములో ఇద్దరు ముగ్గురు పెద్దలతో చెప్పుకుంటే వారూ తలలు ఆడించారే గాని ఏమి చేయాలో చెప్పలేదు. చివరకు ఆ పిల్లే, "అంత భయమైతే మీరూ రండి" అంది.

అలా 2018 జూన్ నెలలో మేమిద్దరమూ బయలుదేరాము. ఇద్దరమూ పల్లెటూరి బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైన వాళ్ళము. అప్పటికి మేము చేసిన దూర ప్రయాణమంటే వేలూరు ఆస్పత్రికి వెళ్ళి రావడమే. పిల్లను కాపాడుటకు వెళ్తున్నామని ఊరందరికీ చెప్పి మరీ వెళ్ళాము. ఆ మాట ఎంతవరకు నిలిచిందో మీరే చూస్తారు.

ఈ సంచి ప్రయాణాలు ఎరుగని వారి కొరకు కొంచెము చెప్పాలి. 1972లో ఐరోపా రైల్వేలు 'ఇంటర్‌రైల్' అని ఒక టికెట్టు పెట్టాయి. 21 ఏళ్ళ లోపు యౌవనస్థులు ఆ ఒక్క టికెట్టుతో నెల రోజులు 21 దేశాలలో తిరగవచ్చును. ఇప్పుడు అన్ని వయసుల వారికీ ఇస్తున్నారు. ఐరోపాలో నివసించేవారికి ఇది, మనవంటి వారికి 'యూరైల్' అని వేరొకటి. వీసా కూడా ఒక్కటి చాలు. లక్సెంబర్గ్ దేశములో షెంగెన్ అనే చిన్న పల్లెలో 1985లో కుదిరిన ఒప్పందము పుణ్యమా అని, ఆ వీసా ఉంటే చాలా దేశాల సరిహద్దులు ఇట్టే దాటవచ్చును. దానికి 30,000 యూరోల వైద్య బీమా మాత్రము తప్పనిసరి.

ఇక రాత్రి బస. ఒకే గదిలో ఆరో ఎనిమిదో మంచాలు, ఒకదానిపై ఒకటిగా. ఆ మంచాలలో ఎవరు పడుకుంటారో సాయంకాలము దాకా తెలియదు. ఆడవారికి వేరే గదులు అడిగితే చాలా చోట్ల ఇస్తారు. పెట్టెకు వేసుకొనే తాళము మనమే తీసుకువెళ్ళాలి. వంటిల్లు అందరిదీను. అందులో ఒక అర మీద, వెళ్ళిపోయే వారు తమకు మిగిలిన బియ్యము, ఉప్పు, నూనె పెట్టి పోతారు. వెనుక వచ్చేవారు అడగకుండానే వాడుకోవచ్చును. ఆ అరను చూచాకే మాకు సగము భయము తీరింది. మన పల్లెల్లో ఇరుగుపొరుగు చేసేదే కదా ఇది!

మొదట కొలోన్ పట్టణము. స్టేషను బయట అడుగు పెట్టగానే ఎదురుగా ఆ పెద్ద దేవాలయము. 1248లో పునాది వేస్తే 1880లో గాని పూర్తి కాలేదు. 157 మీటర్ల ఎత్తు. గోపురానికి 533 మెట్లు. మేము ఎంతవరకు ఎక్కామని మాత్రము అడగకండి.

అక్కడ నుంచి ఆల్టెనా అనే చిన్న ఊరికి వెళ్ళాలని మేమే పట్టుబట్టాము. అది ఒక బడిపంతులు ఊరు. కారణము తరువాత చెప్తాము. హాగెన్ స్టేషనులో బండి కదలబోతుంటే మేము ముందు దొరికిన పెట్టె ఎక్కాము. నీళ్ళ సీసా కొనుటకు ఆగిన అమ్మాయి పరుగున వచ్చి వెనుక ఎక్కింది. లోపల నుంచి నడిచి వస్తుందిలే అనుకున్నాము. రాలేదు. లోపల దారి లేదు. అది రెండు బండ్లు కలిపి కట్టిన బండి. లెట్మాతే అనే స్టేషనులో రెండుగా విడిపోయి, ఒకటి ఆల్టెనా వైపు, ఒకటి ఇసర్లోన్ అనే ఊరికి పోతుంది. జర్మను భాషలో ఆ సంగతి చెప్పే ఉంటారు. మేము కిటికీలో నుంచి కొండలు చూస్తూ ఇసర్లోన్ చేరాము.

బండి ఖాళీ అయింది. మా చేతిలో ఉన్న ఫోను ఆ దేశములో పని చేయదు. ఒకరి ముఖము ఒకరము చూచుకుంటూ నిలబడితే, డెబ్బై ఐదు దాటిన ఒక పెద్దావిడ, చేతిలో స్ట్రాబెరీ పండ్ల సంచి, మమ్మును దాటిపోయి మళ్ళీ వెనుకకు వచ్చింది. మేము కాగితము మీద వ్రాసుకున్న అమ్మాయి నంబరు చూపించాము. తన ఫోనులో కలిపి ఇచ్చింది. అమ్మాయి ఆల్టెనా స్టేషనులో నిలబడి ఏడుస్తున్నది. కాపాడుటకు వచ్చినవారము మేము!

ఆవిడ ఫోను ఇచ్చి పోవచ్చును. పోలేదు. తిరుగు బండి వచ్చేవరకు మా ప్రక్కనే బెంచీ మీద కూర్చొని పండ్లు పెట్టింది. మా ఇంగ్లీషు ఆవిడకు రాదు, ఆవిడ జర్మను మాకు రాదు. మాలో ఒకరికి చలి వేస్తుంటే తన శాలువా తీసి కప్పింది. మాతోపాటు లెట్మాతే వరకు వచ్చి, సరియైన బండిలో కూర్చోబెట్టి, తలుపు మీద చేయి ఆనించి ఏదో అంది. చిరునామా మాత్రము అడిగి తీసుకున్నాము. ఆ క్రిస్మసుకు ఆవిడ వద్ద నుంచి ఉత్తరము వచ్చింది. అమ్మాయి చదివి చెప్పింది. యుద్ధము ముగిసిన 1945లో ఆవిడ ఐదేళ్ళ పిల్ల. సిలీసియా ప్రాంతము నుంచి వెళ్ళగొట్టబడిన కుటుంబము. ఏదో స్టేషనులో తల్లి చేయి జారి తప్పిపోతే, ఎవరో తెలియని స్త్రీ రాత్రంతా ఒడిలో ఉంచుకొని తెల్లవారి తల్లికి అప్పగించిందట. మమ్మును ప్లాట్‌ఫారము మీద చూడగానే తనకు కాళ్ళు కదలలేదని వ్రాసింది.

ఇప్పుడు ఆ బడిపంతులు సంగతి. పేరు రిషర్డ్ షిర్మన్. పిల్లలను నాలుగు గోడల మధ్య కంటె కాలినడకన తిప్పితే బాగా నేర్చుకుంటారని నమ్మినవాడు. 1909 ఆగస్టు 26న పిల్లలతో నడిచి పోతుంటే ఉరుములతో పెద్ద వాన. చివరకు ఒక పల్లె బడిలో చోటు దొరికింది. పడకకు గడ్డి మోపులు, త్రాగుటకు ఒక రైతు ఇచ్చిన పాలు. ఆ రాత్రే ఆయనకు ఆలోచన వచ్చింది: సెలవుల్లో ఖాళీగా ఉండే ప్రతి ఊరి బడీ ఇట్లు పిల్లలకు బస కాకూడదా? 1912లో ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యువజన వసతి గృహము తెరిచారు. ఆ నాటి గదులను, బరువైన చెక్క మంచాలను ఇప్పటికీ అలాగే ఉంచారు. ప్రపంచమంతటా ఉన్న వసతి గృహాలకు మూలము అదే. పంతుళ్ళము కాబట్టి మాకు ఆ మంచాలు చూడగానే చేతులు జోడించాలనిపించింది.

ఆయన తరువాత సైనికుడై వోజ్ కొండలలో ఫ్రెంచివారి ఎదుట కందకములో ఉన్నాడు. 1915 క్రిస్మసుకు అక్కడ ఇరువైపుల వారు తుపాకులు ప్రక్కన పెట్టి, వీరి రొట్టె వారికి, వారి ద్రాక్షారసము వీరికి ఇచ్చి పుచ్చుకున్నారు. దేశదేశాల పిల్లలు కలిసికొనే చోట్లు ఉంటే బాగుండునని ఆయనకు అప్పుడు మరింత గట్టిగా తోచింది. 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. మరుసటి ఏడే హిట్లరు మనుషులు జర్మనీ వసతి గృహాలను తమ చేతిలోకి తీసుకున్నారు. 1936లో ఆయనను సమాఖ్య అధ్యక్ష పదవి నుంచి కూడా తప్పించారు. యుద్ధము తరువాత ఆ ముసలి పంతులు మళ్ళీ పనికి దిగాడు.

ఆ వోజ్ కొండలకు దగ్గరి పట్టణమే మా చివరి మజిలీ, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గ్. 1871లో జర్మనీది, 1918లో ఫ్రాన్సుది, 1940లో జర్మనీది, 1944లో మళ్ళీ ఫ్రాన్సుది. ఒకే మనిషి జీవితములో నాలుగు మార్లు జెండా మారిన ఊరు. మేము వెళ్ళిన ముందు సంవత్సరమే, 2017లో, అక్కడ నుంచి రైను నది మీదుగా జర్మనీలోని కేల్‌కు ట్రాము వేశారు. కూరగాయల సంచులతో ఆడవాళ్ళు ఈ దేశము నుంచి ఆ దేశానికి పోయి వస్తున్నారు.

అక్కడి వసతిలో మేము మూడు రోజుల తరువాత అన్నము ముఖము చూచాము. అర మీద ఎవరో పెట్టిపోయిన బియ్యము, మా సంచిలో చింతపండు. పులిహోరకు పోపు వేశాము. ఎండుమిరపకాయలు మాడాయో లేదో, పైకప్పులో ఉన్న పొగ గంట భవనమంతా దద్దరిల్లేటట్లు మోగింది. నిమిషములో ముప్పై మందికి పైగా రాత్రి బట్టలతో పెరట్లో నిలబడ్డారు. సిగ్గుతో మేము తలలు ఎత్తలేదు. కాపలాదారు వచ్చి మూకుడు చూచి, ఆ కారపు పొగకు తానే తుమ్ముతూ గంట ఆపాడు. ఎవరో నవ్వారు, తరువాత అందరూ నవ్వారు. ఒక పోలండు అమ్మాయి, ఒక పోర్చుగల్ అమ్మాయి మా వెంట వంటింట్లోకి వచ్చి, "ఇంత గొడవ చేసిన వంట రుచి చూడకుండా పోము" అన్నారు. మరునాడు పోలండు పిల్ల తమ పీరోగీలు చేసింది. అచ్చము మన కజ్జికాయలే, లోపల బంగాళాదుంప. ఆ ముగ్గురు పిల్లలు అర్ధరాత్రి దాకా గుసగుసలు.

మూడవ రోజు మా అమ్మాయి మెల్లగా అడిగింది. వాళ్ళిద్దరూ వియన్నా మీదుగా క్రాకో పోతున్నారు, తానూ వెళ్తానని. మా విమానము ఫ్రాంక్‌ఫర్ట్‌లో, రెండు రోజులలో. మేము మాట్లాడలేదు. ఆ రాత్రి మాలో ఒకరము వద్దనీ ఒకరము సరేననీ, కాసేపటికి వద్దన్నవారు సరేననీ సరేనన్నవారు వద్దనీ వాదించుకున్నాము. తెల్లవారి పోలండు పిల్ల, ఎవరూ అడగకుండానే, వాళ్ళ అమ్మకు ఫోను కలిపి మా చేతికి ఇచ్చింది. తెర మీద తలకు గుడ్డ కట్టుకొని చేతులకు పిండి అంటిన ఒక తల్లి. ఆమె తన పొయ్యి చూపించింది, పిల్లలు పడుకొనే గది చూపించింది, పరుపు తట్టి చూపించింది. మా ఇంటామె తెలుగులోనే, "పిల్ల పచ్చిపాలు తాగదమ్మా, కాచి ఇవ్వండి" అంది. ఆమె ఏమి అర్థము చేసుకున్నదో, గట్టిగా తల ఊపింది.

స్టేషనుకు ముగ్గురూ మమ్మును సాగనంపుటకు వచ్చారు. మా బండి ముందు. పోర్చుగల్ పిల్ల మా సంచులు మోసుకొచ్చింది. ఏమేమో చెప్పాలనుకున్నాము: డబ్బు జాగ్రత్త, పాస్‌పోర్టు లోపలి జేబులో పెట్టుకో, రోజూ ఫోను చెయ్యి. అమ్మాయి మమ్మును మాట్లాడనివ్వలేదు. పెట్టె తలుపు దాకా వచ్చి, ప్రక్కనున్న పలకను వేలితో చూపించి, "అమ్మా, నాన్నా, ఇదిగో, దీని మీద ఏ ఊరి పేరుందో చదివి అప్పుడు ఎక్కండి" అంది.