చైన్‌ను వదలని పళ్ళు

సైకిల్‌కు మోటారు తోడైతే చైన్ మీద భారం తగ్గుతుంది కాబట్టి చైన్ గొడవా తగ్గాలని ఎవరికైనా అనిపిస్తుంది. జరిగేది వేరు. వెనక హబ్బులో మోటారున్న బ్యాటరీ సైకిల్ గతుకుల రోడ్డు మీద పోతూ పోతూ ముందు చైన్ వీల్ మీదినుంచి చైన్‌ను జారవిడుస్తుంది. దిగి, చేతులు నల్లగా చేసుకుని ఎక్కించుకుంటే మరో గోతి దగ్గర మళ్ళీ అదే పని. దీనికి మన దగ్గర వెంటనే చేసే రిపేరు, చైన్‌లో లింకు తీసి బిగించడం. అప్పటికీ కుదరకపోతే కొత్త చైన్ వేయడం. ఈ రెండూ చాలాసార్లు లోపం లేనిచోట చేసే రిపేర్లే. ముందు మార్చవలసింది చైన్ వీల్‌ను. గోదావరి డెల్టాలోని తణుకు లాంటి చదును నేల మీది ఊళ్ళకు ఆ మార్పు మరీ బాగా నప్పుతుంది. ఎందుకో చూద్దాం.

చైన్ కట్టుబడిని దగ్గరగా చూస్తే కారణంలో సగం అక్కడే దొరుకుతుంది. ఇప్పుడు మనం వాడే రోలర్ చైన్ ఇంగ్లండులో పుట్టింది. 1864లో సాల్‌ఫర్డ్‌లో జేమ్స్ స్లేటర్ వేసిన బాటలో, స్విట్జర్లాండు నుంచి మాంచెస్టర్ వచ్చి స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో దీనికి ఈ రూపం తెచ్చాడు. ఆ కట్టుబడి ఈనాటికీ పెద్దగా మారలేదు. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. లింకులు రెండు రకాలు, ఒకటి విడిచి ఒకటి వస్తాయి. లోపలి పలకలున్న లింకు ఇరుకు. బయటి పలకలున్న లింకు వెడల్పు, ఎందుకంటే అది లోపలి పలకలను తన మధ్య ఇముడ్చుకోవాలి. గేర్ల సైకిల్ చైన్‌లో ఇరుకు సందు అంగుళంలో 3/32 వంతు, దాదాపు 2.4 మి.మీ. ఉంటుంది. వెడల్పు సందు 4 మి.మీ. దాటుతుంది. మామూలు చైన్ వీల్‌కు మాత్రం పళ్ళన్నీ ఒకే మందం. ఇరుకు సందులో దూరాలి కాబట్టి అన్నిటినీ 2 మి.మీ. అటూ ఇటుగా చేస్తారు. దాంతో పన్ను విడిచి పన్ను వెడల్పు సందులో వదులుగా నిలబడుతుంది, రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు ఖాళీతో. చైన్ పక్కకు ఊగినప్పుడు దాన్ని ఆపేవి నిజానికి సగం పళ్ళే.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. గేర్ల సైకిళ్ళకు ఒకప్పుడు ముందు రెండో మూడో పళ్ళచక్రాలుండేవి. కొండ ఎక్కేటప్పుడు చిన్నదాని మీదికి, దిగేటప్పుడు పెద్దదాని మీదికి చైన్ మారాలి. మారాలంటే పన్ను దాన్ని తేలిగ్గా వదలాలి. అందుకని ఆ చక్రాల పళ్ళను పొట్టిగా, కొసలు చెక్కి, అక్కడక్కడ ఏటవాలుగా తీర్చిదిద్దారు. చైన్‌ను వదలడానికే చేసిన పళ్ళవి. తరవాత ముందు ఒకే చక్రం ఉండే సైకిళ్ళు వచ్చినా, చవక రకాల్లో పాత పళ్ళ తీరే చాలాచోట్ల మిగిలిపోయింది. పక్క చక్రం లేదు, మార్చే మీట లేదు, కానీ వదిలే గుణం మాత్రం పన్నులో ఉండిపోయింది. ముందు ఒకే చక్రం పెట్టి దానికి వదిలే పళ్ళు పెట్టడాన్ని నేను డిజైన్ లోపంగానే లెక్కేస్తాను.

ఇన్నాళ్ళూ ఈ లోపం ఎందుకు అంతగా బయటపడలేదు? మామూలు సైకిల్ తొక్కేవాడి బలమే చైన్‌ను బిగువుగా పట్టి ఉంచుతుంది కాబట్టి. బ్యాటరీ సైకిల్లో ఆ బిగువు పోతుంది. మన దేశంలో మోటారు వాహనాల నిబంధనల నుంచి మినహాయింపు ఉన్న బ్యాటరీ సైకిళ్ళకు మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. వీటిలో చాలావాటికి మోటారు వెనక హబ్బులోనే ఉంటుంది. ఆ మోటారు చక్రాన్ని నేరుగా తిప్పుతుంది, చైన్‌తో దానికి పని లేదు. పెడల్ దగ్గర అయస్కాంతపు ముక్కలున్న చిన్న బిళ్ళ ఒకటి తిరుగుతూ ‘తొక్కుతున్నారు’ అన్న సంకేతం పంపుతుంది. ఎంత బలంగా తొక్కుతున్నారో దానికి తెలియదు. అందువల్ల ఎక్కినవాళ్ళు కాళ్ళను ఊరికే తిప్పుతూ కూర్చుంటారు. థ్రాటిల్ ఉంటే అదీ లేదు. చైన్ ఏ లాగుడూ లేకుండా గాలిలో వేలాడుతూ సైకిల్‌తో పాటు గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో ఊగుతుంది.

చిన్న లెక్క చూద్దాం. 44 పళ్ళ చైన్ వీల్ వ్యాసార్ధం దాదాపు 89 మి.మీ., క్రాంక్ పొడవు 170 మి.మీ. పెడల్ మీద 20 కిలోల బలం వేస్తే చైన్ పై వరసలో 38 కిలోల లాగుడు పుడుతుంది. కాళ్ళు ఊరికే తిరిగినప్పుడు మిగిలేది వెనక గేర్ల దగ్గరి స్ప్రింగు లాగుడే. అది కిలో అనుకుందాం. చైన్ బరువు మీటరుకు సుమారు 200 గ్రాములు, ముందు వెనక చక్రాల మధ్య వేలాడే పొడవు 44 సెంటీమీటర్లు. మీటిన తీగ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే సూత్రంలో ఇవి పెడితే, తొక్కుతున్నప్పుడు చైన్ కంపనం సెకనుకు 50 సార్లకు దగ్గరగా వస్తుంది. తొక్కనప్పుడు అది 8కి పడిపోతుంది. చైన్ అచ్చమైన తీగ కాదు కాబట్టి ఇది ఉజ్జాయింపే, కానీ తేడా ఆరింతలు. ఇప్పుడు రోడ్డు సంగతి. గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు 7 మీటర్లు. 90 సెంటీమీటర్లకొక గతుకు వచ్చే రోడ్డు సైకిల్‌ను సెకనుకు దాదాపు 8 సార్లు కుదుపుతుంది. వదులు చైన్ సహజంగా ఊగే లయా అదే. రెండు లయలూ కలిస్తే ఊపు పెరుగుతూ పోతుంది. పైకి లేచిన లింకు తిరిగి పన్ను మీద కాక పన్ను పక్కన దిగుతుంది. తరవాత పెడల్ మీద బలం పడగానే చైన్ వీల్ దాన్ని పూర్తిగా బయటికి తోసేస్తుంది.

డెల్టా రోడ్లు ఈ ప్రమాదానికి అనువుగా ఉంటాయి. తణుకు చుట్టుపట్ల నేల గోదావరి తెచ్చిన ఒండ్రు. అందులోని జిగట మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని బీటలు తీస్తుంది. అలాంటి నేల మీద, కాలవ గట్ల మీద వేసిన తారు కొన్నాళ్ళకే అలలు తిరుగుతుంది. జాతీయ రహదారి దిగి వేల్పూరు, ఇరగవరం, అత్తిలి వైపు పోయే రోడ్ల మీద సైకిల్ నడిపేవాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. అదే నేల మరో వైపు నుంచి మేలూ చేస్తుంది. ఇక్కడ ఎక్కవలసిన ఎత్తులంటే వంతెనలూ ఫ్లైఓవర్లే. ముందు రెండో చక్రం ఉండవలసిన అవసరం ఎన్నడూ రాదు. కాబట్టి చైన్‌ను వదలాల్సిన పన్ను ఈ ఊళ్ళో ఎవరికీ పనికిరాదు.

చైన్‌ను పడగొట్టేది భారం కాదు, వదులు అన్నదానికి తణుకులోనే సాక్ష్యం ఉంది. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ ప్రభృతులు నెలకొల్పిన ఆంధ్రా షుగర్స్‌తో ఇది చక్కెర ఊరయింది. చక్కెర మిల్లుల్లో చెరకును రోలర్ల దాకా మోసుకుపోయే కేరియర్లను నడిపేవి గొలుసులే. టన్నుల కొద్దీ చెరకు మోస్తున్నా, తిన్నగా, బిగువుగా నడిచినంతకాలం ఆ గొలుసు సులువుగా పన్ను దాటదు. పాత నల్ల సైకిల్‌దీ ఇదే కథ. వెనక ఒకే ఫ్రీవీల్, వంకర లేని వరస, ఎప్పుడూ తొక్కేవాడి బలం.

వదులు తప్పదన్నప్పుడు పన్నునే మార్చాలి. ఉపాయం సులువైనదే. వెడల్పు సందులోకి వచ్చే పన్నును మందంగా, ఇరుకు సందులోకి వచ్చేదాన్ని సన్నగా, ఒకటి విడిచి ఒకటిగా చేస్తే ప్రతి పన్నూ తన సందును నింపుతుంది. దీనికి పేటెంటు 1979లో ఒక వ్యవసాయ యంత్రాల కంపెనీకి వచ్చింది, అమెరికాలోని విస్కాన్సిన్‌కు చెందిన గేల్‌కు. పొలంలో కుదుపుల మధ్య నడిచే గొలుసులకు పుట్టిన ఆలోచన సైకిల్‌కు చేరి పేరు తెచ్చుకోవడానికి మూడు దశాబ్దాలు దాటింది. 2012లో స్రామ్ కంపెనీ కొండదారి సైకిళ్ళ కోసం తెచ్చిన ఎక్స్‌ఎక్స్1 సరంజామాలో ముందు ఒకే చక్రం, దానికి ఇలాంటి పళ్ళు. ఆ పళ్ళ మీద ఫాక్స్ ఫ్యాక్టరీ అనే కంపెనీతో నడిచిన పేటెంటు తగాదా 2019, 2020లలో అమెరికా అప్పీలు కోర్టు దాకా వెళ్ళింది. అక్కడి వాదనల్లో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. పళ్ళు లావుగా సన్నగా మారితే చాలదు. మందపు పన్ను తన మధ్య ఎత్తు దగ్గర సందులో 80 శాతానికి మించి నింపాలన్నది స్రామ్ పేటెంటులో కీలకమైన అంశం. పళ్ళు చూడ్డానికి ఒకటి విడిచి ఒకటిగా ఉండి, సందు నింపని చవక నకళ్ళు చైన్‌ను ఎందుకు నిలపలేవో దీన్నిబట్టి తెలుస్తుంది.

చైన్ బిగిస్తే పోయేదానికి ఇంత ఎందుకని మెకానిక్కులు అడగవచ్చు. గేర్ల సైకిల్లో చైన్ బిగువును నిర్ణయించేది వెనక స్ప్రింగు. లింకులు తీసేస్తే వెనక పెద్ద పళ్ళచక్రం మీదికి వెళ్ళినప్పుడు చైన్ చాలక గేర్లు మార్చే డీరైలరే విరిగే ప్రమాదం ఉంది. గేర్లు లేనిదాంట్లో చక్రం వెనక్కి జరిపి బిగించవచ్చు. అది చేయవలసిన పనే, కాదనను. కానీ రేకు కొట్టి చేసిన చైన్ వీల్ పూర్తి గుండ్రంగా ఉండదు. ఒకచోట బిగువైతే సగం చుట్టు తిరిగేసరికి వదులవుతుంది. బిగువు చోటును బట్టి సరిచేస్తే వదులు చోట పడుతుంది, వదులు చోటును బట్టి బిగిస్తే హబ్బు బేరింగులు అరుగుతాయి. చైన్ కవరు సంగతి కూడా ఇంతే. బయటి ప్లాస్టిక్ బిళ్ళ చైన్ బయటికి పడకుండా ఆపుతుంది. అప్పుడది లోపలికి పడి, చైన్ వీల్‌కూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుంటుంది.

దీనికన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది: చైన్ పడటానికి కారణం ప్రతిసారీ పన్నే కాకపోవచ్చు. ఇది నిజం, అందుకే చైన్ వీల్ కొనేముందు కొన్ని చూసుకోవాలి. 24 లింకుల పొడవు, పిన్ను నుంచి పిన్నుకు కొలిస్తే, సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైన్ ముందు మార్చాలి. వెనక ఫ్రీవీల్ తుప్పు పట్టి బిగుసుకుపోతే, తొక్కడం ఆపినప్పుడు అది చైన్‌ను ముందుకు తోసి పై వరసను వేలాడేస్తుంది. దాన్ని వదిలేసి ఎంత మంచి పన్ను పెట్టినా లాభం లేదు. మోటారు పెడల్ దగ్గరే ఉన్న రకం సైకిళ్ళలో వరస వంకర ముఖ్యం. మోటారు పెట్టె చైన్ వీల్‌ను బయటికి నెడుతుంది. వెనక 7 గేర్ల పళ్ళచక్రాల మధ్య దూరం 5 మి.మీ. చొప్పున, మధ్యదానికీ చివరిదానికీ 15 మి.మీ. తేడా. దానికి తోడు ముందు చక్రం 10 మి.మీ. బయటికి జరిగితే మొదటి గేరులో చైన్ వంకర 2 డిగ్రీల నుంచి 3 దాటుతుంది. ఇలాంటివాటికి లోపలికి గుంటగా ఒంపు తిరిగిన చైన్ వీల్ కావాలి. అంటే ఇక్కడా మందు చైన్ వీల్‌లోనే ఉంది, పళ్ళతో పాటు దాని ఒంపును కూడా చూడాలి.

బురద గురించి అడిగేవాళ్ళకు ఇంత చెప్పగలను. సందును నింపే పన్ను దగ్గర మట్టి ఎక్కువ ఇరుక్కుంటుంది, ఊడ్పుల రోజుల్లో కడిగి ఎండబెట్టి నూనె వేసే పని పెరుగుతుంది. మందపు పళ్ళ అంచులు అరిగిపోతే పట్టూ తగ్గుతుంది. ఇది ఒప్పుకోవలసిన ఖర్చు.

మార్చేటప్పుడు బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. పళ్ళ సంఖ్య సరిసంఖ్యే ఉండాలి, బేసి అయితే మందపు పన్ను ఒక చుట్టు తిరిగేసరికి ఇరుకు సందుకు ఎదురవుతుంది. ఎక్కించేటప్పుడు కూడా మందపు పన్ను వెడల్పు లింకులోకే రావాలి. గేర్లు లేని సైకిళ్ళ 1/8 అంగుళం చైన్‌కు ఈ పళ్ళు సందు నింపవు. అక్కడ 3/32 చైన్‌తో పాటు వెనక ఫ్రీవీల్ కూడా అదే కొలతలో వేయించుకోవాలి. అసలు చిక్కు చవక సైకిళ్ళలో చైన్ వీల్‌ను క్రాంక్‌కు రివెట్లతో బిగించేయడం. అప్పుడు క్రాంక్‌తో సహా మార్చక తప్పదు, ఖర్చూ పెరుగుతుంది. అందుకే బ్యాటరీ సైకిల్ కొనబోయేవాళ్ళు బ్యాటరీ ఎన్ని కిలోమీటర్లు వస్తుందని అడిగాక, ఒక్కసారి వంగి చైన్ వీల్‌ను కూడా చూడండి. పళ్ళు ఒకటి విడిచి ఒకటి మందంగా ఉన్నాయా, బోల్టులున్నాయా రివెట్లున్నాయా అడగండి. బోల్టులున్నదే తీసుకోండి.