లాంచీ ఎక్కలేనివారికి నాగార్జునకొండ.. ఫోన్‌లో చూడటం ఎలా?

నాగార్జునకొండ మ్యూజియం జలాశయం మధ్యలో ఉంది. అక్కడికి లాంచీలోనే వెళ్లాలి. మరి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, వీల్‌చైర్ వాడేవాళ్ల సంగతేంటి? వాళ్లు ఇంట్లో నుంచే చూసే మార్గం ఒకటుంది.

ఎక్కడ చూడాలి?

కేంద్ర సాంస్కృతిక శాఖ పోర్టల్ 'మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా'లో. మ్యూజియంలు తమ వస్తువులను ఫొటోలు తీసి, సీడాక్ తయారుచేసిన 'జతన్' సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేస్తాయి. అవే పోర్టల్‌లో కనిపిస్తాయి. నాగార్జునకొండతో పాటు హైదరాబాద్‌లోని సాలార్ జంగ్ మ్యూజియం వస్తువులూ ఉన్నాయి. రుసుమేమీ లేదు.

వీఆర్ హెడ్‌సెట్ కొనాలా?

అక్కర్లేదు. ఇవి మామూలు ఫొటోలు, వివరాలే. 360 డిగ్రీల టూర్లు వేరు. వాటిలో మీరు ఫోన్ తిప్పిన వైపు దృశ్యం తిరుగుతుంది. హెడ్‌సెట్‌ అయితే రెండు కళ్లకూ వేర్వేరు చిత్రాలు చూపిస్తుంది. దాంతో లోతు తెలిసి, అక్కడే నిలబడినట్టు అనిపిస్తుంది. 'వర్చువల్ టూర్' అన్న ప్రతిదీ వీఆర్ కాదని గుర్తుంచుకోండి.

ఎలా వెతకాలి?

ముందు మ్యూజియం ఎంచుకోండి. తర్వాత శిల్పాలు, నాణేలు వంటి విభాగాల్లోకి వెళ్లండి. ఫొటోతో సరిపెట్టుకోకుండా కాలం, దొరికిన చోటు కూడా చదవండి.

దీనికి ఇంత ప్రాధాన్యం ఎందుకు?

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన లోయ నాగార్జునసాగర్ నీటిలో మునిగిపోయింది. 1954-60 మధ్య తవ్వకాల్లో బయటపడ్డ శిల్పాలెన్నో ఇప్పుడు ఈ కొండ మీది మ్యూజియంలో ఉన్నాయి. ఆ లోయలోకి ఇక ఎవరూ వెళ్లలేరు. మిగిలినవాటినైనా లాంచీ ఎక్కగలిగినవాళ్లే కాదు, అందరూ చూడగలగాలి.