పాత బుల్లెట్టు: పెట్రోలు నడచు దారి

పొగను చూచి నిప్పును ఊహించుట తర్కశాస్త్రమున తొలిపాఠము. కార్యమునుండి కారణమును వెదకు ఈ విద్య పండితుల సొత్తు మాత్రమే కాదు. వీధి మలుపున చెట్టుక్రింద కూర్చుండి పాత మోటారు సైకిలును బాగుచేయు మెకానిక్కునకు అదియే జీవనాధారము.

ఇంగ్లండులో పుట్టిన ఎన్‌ఫీల్డు బుల్లెట్టును మనదేశమున నిర్మించుటకై 1955లో మద్రాసున ఒక సంస్థ ఏర్పడినది. నాటినుండి దశాబ్దముల తరబడి ఆ బండికి ఊపిరి పోసినది కార్బురేటరు. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోనికి వచ్చుటతో క్రొత్త బండ్లలో దాని శకము దాదాపు ముగిసినది. కాని తండ్రులు నడిపిన బుల్లెట్లు నేటికిని అనేక గృహములలో నున్నవి. అవి కదలక మొరాయించినపుడు రోగమెరుగక చేయు వైద్యము వలన కొన్ని పాత ఇనుము కొట్టునకు చేరుచున్నవి.

పాత బుల్లెట్టులో పెట్రోలును తోడు పంపు లేదు. ఎత్తుననున్న టాంకునుండి అది తన బరువుచేతనే క్రిందికి దిగును. కావున పరీక్షయు పైనుండి క్రిందికే సాగవలెను. మొదటిది టాంకు మూత. పెట్రోలు దిగినకొలది లోనికి గాలి పోవుటకు దానికి సన్నని రంధ్రముండును. అది మూసికొనిపోయినచో బండి కొంతదూరము చక్కగా నడచి ఆగిపోవును. కొంతసేపు నిలిపినపిదప మరల నడచును. ఆగినవెంటనే మూత సడలించినపుడు గాలి లోనికి పీల్చుకొను సవ్వడి వినిపించి, బండి కదలినచో దోషము తెలిసినట్లే. సూదిమొన తీర్చు ఈ లోపమునకు కార్బురేటరునే మార్పించినవారు లేకపోలేదు.

రెండవది కుళాయి, దానిలోని జల్లెడ. ఇంజను చల్లారిన పిదప, చుట్టుప్రక్కల నిప్పు లేనిచోట, గొట్టమును ఊడదీసి ఒక సీసాలోనికి పెట్రోలు పట్టిచూడవలెను. ధార తెగక వచ్చినచో దోషము దిగువనున్నది. సీసాను కొంతసేపు కదలింపక ఉంచినచో తుప్పు, నీరు అడుగున చేరి కనిపించును.

మూడవది కార్బురేటరు. అందు తేలుచుండు ఫ్లోటు, దానితోకూడ లేచి దారిని మూయు సూది ముఖ్యములు. సూది క్రింద నలుసు చిక్కినను, ఫ్లోటుకు చిల్లిపడి మునిగినను పెట్రోలు పొర్లిపోవును. ఇది అగ్నిప్రమాదమునకు హేతువు. తక్షణము కుళాయి కట్టివేయవలెను. చోకు వేసినగాని ఇంజను నిలువనిచో నెమ్మది నడకకు పెట్రోలునిచ్చు చిన్నజెట్టు పూడినదని అనుమానింపవచ్చును. వేగమునందు మాత్రమే శక్తి సన్నగిల్లినచో పెద్దజెట్టును చూడవలెను. జెట్టును ఉక్కుతీగతో పొడుచుట మహాపరాధము. వెండ్రుకవాసి రంధ్రము పెరిగినను పెట్రోలు ఖర్చు పెరుగును. పెరిగిన రంధ్రము మరల తగ్గదు. తగిన ద్రావకముతో కడిగి గాలి ఊదుటయే యుక్తము.

బరువు లెక్కన ఒకపాలు పెట్రోలునకు సుమారు పదునైదుపాళ్ళు గాలి కావలెను. ఈ పాలు తప్పినదో లేదో ప్లగ్గు మొన చెప్పును. బిస్కత్తు రంగు ఆరోగ్యచిహ్నము. నల్లని మసి పెట్రోలు ఎక్కువైనదనియో, గాలివడపోత పూడినదనియో సూచించును. తెల్లబారుట పెట్రోలు చాలమికి, లేక కార్బురేటరు కీలువద్ద దొంగగాలి చొరబడుటకు గుర్తు. అయినను ప్లగ్గున నిప్పురవ్వ బలహీనమైనపుడును ఇట్టి లక్షణములే పొడసూపును గనుక దానినిగూడ పరీక్షింపక తీర్పు చెప్పరాదు.

కాలము తెచ్చిన మరియొక చిక్కు గలదు. 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు మనదేశమున 2023లో ప్రవేశపెట్టబడినది. ఇథనాలు నీటిని ఆకర్షించును. మితిమీరి నీరు చేరినచో ఆ రెండును కలిసి అడుగునకు దిగును. దానికి తగని పాత రబ్బరు గొట్టములు ఉబ్బి మెత్తబడును. నెలల తరబడి బండిని నిలుపువారు కార్బురేటరు గిన్నెను ఖాళీచేయుట, పాత గొట్టములను తగినవానితో మార్చుట మేలు.

ఒక్కమారు ఒక్కదానినే మార్చి ఫలితము చూడవలెను. నాలుగింటిని ఒక్కసారి విప్పినవానికి బండి నడచినను కారణము తెలియదు. నడవనిచో దోషము పాతదో, తాను క్రొత్తగా తెచ్చిపెట్టినదో అసలే తెలియదు.