వదులు పడుగు

స్నానాల టవలు అంచున ఎక్కడో ఓ పోగు పైకి లేచి ఉంటుంది. వేలికి చుట్టి లాగితే ఆగకుండా వచ్చేస్తుంది. అది ఊడిన మేరకు వరస బోడిగా మారి, కింది పల్చటి గుడ్డ బయటపడుతుంది. పంచెలోంచో చీరలోంచో అలా లాగి చూస్తే రెండంగుళాలు రాకముందే గుడ్డంతా ముడతలు పడిపోతుంది. టవలు ఒళ్లంతా పరుచుకున్న ఆ లూపుల పోగుకు ముడి లేదు, కుట్టు లేదు, జిగురు లేదు. అడ్డంగా పోయే మూడేసి పేక పోగులు ఒకదానికొకటి ఒత్తుకుని దాన్ని పట్టి ఉంచుతాయి, అంతే.

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, సడలడం నేతగాడికి తలనొప్పి. సడలిన చోట గుడ్డ ఉబ్బుతుంది, నేత వంకర పోతుంది, పోగులు తెగుతాయి. అలాంటి సడలింపునే లెక్కగట్టి, సగం పోగులకు కావాలని ఇచ్చి, దాంతోనే సరుకు తీసే మగ్గం టెర్రీ మగ్గం.

దీనికి పడుగు చుట్టి ఉంచే బీములు రెండు ఉంటాయి. ఒక బీము మీది పోగులు బిగుతుగా లాగి కట్టినవి. గుడ్డకు బలమిచ్చే అడుగు పడుగు అది. రెండో బీము నుంచి వచ్చేది లూపులిచ్చే పైల్ పడుగు. ఈ బీము వదులుగా, అడిగినంత పోగు ఇచ్చుకుంటూ తిరుగుతుంది. పేకను మోసే నాడె ఈ చివర నుంచి ఆ చివరకు పోయి ఒక పేక వేస్తుంది. మామూలు మగ్గంలో అయితే దువ్వెనలాంటి పన్నె వెంటనే ముందుకొచ్చి ఆ పేకను నేసిన గుడ్డకు ఆనేలా కొడుతుంది. టెర్రీ మగ్గంలో పన్నె అంతదాకా రాదు. సెంటీమీటరు దూరంలో ఆగి వెనక్కి పోతుంది. రెండో పేకకూ అంతే. మూడో పేక పడ్డాక మాత్రం పూర్తిగా ముందుకొచ్చి, మూడింటినీ కలిపి ఒక్క దెబ్బకు గుడ్డలోకి తోస్తుంది.

లూపు పుట్టేది ఆ మూడో దెబ్బకే. అడుగు పడుగు బిగుతుగా ఉంది కాబట్టి పేకలు దాని మీదుగా జారి ముందుకు పోతాయి. పైల్ పడుగు వదులుగా ఉంది కాబట్టి జారనివ్వదు, పేకలతో పాటే కదిలి వచ్చేస్తుంది. ఖాళీలో పరుచుకుని ఉన్న ఆ సెంటీమీటరు పోగు ఎటు పోవాలో తెలియక పైకి వంగితే పైవైపు లూపు, కిందికి వంగితే అడుగువైపు లూపు. ఎత్తు ఆ ఖాళీలో దాదాపు సగం ఉంటుంది. పొడవాటి లూపు కావాలంటే పన్నెను ఇంకాస్త వెనక ఆపితే చాలు. ఇప్పటి కొన్ని మగ్గాల్లో పన్నె మామూలుగానే కొడుతుంది, దాని బదులు గుడ్డే వెనక్కీ ముందుకూ జరుగుతుంది. లెక్క మాత్రం అదే. టవలు రెండు కొసల దగ్గర లూపుల్లేకుండా నున్నగా కనిపించే పట్టీ ఉంటుంది కదా, అక్కడ ప్రతి పేకనూ పూర్తిగా కొట్టారన్నమాట.

అందుకే ఈ మగ్గం నూలు బాగా మింగుతుంది. మీటరు టవలుకు అడుగు పడుగు మీటరు కంటే కాస్త ఎక్కువ చాలు. పైల్ పడుగు మూడు నాలుగు మీటర్లు కావాలి, దట్టమైన రకాలకు ఇంకా ఎక్కువ. రెండు బీముల్లో పైల్ బీమే ముందు ఖాళీ అవుతుంది.

మన ఊళ్లలో ఈ లూపుల గుడ్డను టర్కీ టవలు అనడం ఉత్తుత్తి మాట కాదు. 1850 ప్రాంతంలో హెన్రీ క్రిస్టీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఒట్టోమన్ రాజ్యంలో తిరుగుతూ, నేటి టర్కీలోని బుర్సా పట్నంలో చేతితో నేసిన లూపుల తువ్వాళ్లు చూసి ఒకటి ఇంటికి తీసుకెళ్లాడు. మాంచెస్టర్ పక్కన డ్రాయిల్స్‌డెన్‌లో వాళ్ల కుటుంబానికి మిల్లు ఉంది. అక్కడి పనివాడు శామ్యూల్ హోల్ట్ ఆ లూపుల నేత యంత్రం మీద వచ్చే ఉపాయం కనిపెట్టాడు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఆ టవళ్లను ప్రపంచానికి చూపించారు. విక్టోరియా రాణి కూడా ముచ్చటపడి తెప్పించుకున్నారని కంపెనీ చెప్పుకుంటుంది. హోల్ట్ తర్వాత అమెరికా వెళ్లి, న్యూజెర్సీలోని పాటర్సన్‌లో అదే పని మొదలుపెట్టాడు. హెన్రీ క్రిస్టీ మనసు మాత్రం మిల్లు మీద నిలవలేదు. ఫ్రాన్స్ గుహల్లో ఆదిమానవుల పనిముట్లు తవ్వించడంలో మునిగిపోయి 1865లో పోయాడు. 2006లో ఆ క్రిస్టీ కంపెనీని మన దేశపు వెల్‌స్పన్ కొనుక్కుంది.

తెలుగు నేల బయట, మహారాష్ట్రలోని షోలాపూర్‌లో, ఈ మగ్గం తెలుగువాళ్ల చేతుల్లోకి వచ్చింది. మద్రాసు రాజధానినీ నైజాం సీమనూ 1876-78 కరువు కుదిపేసింది. తెలంగాణ పల్లెల నుంచి నేత కుటుంబాలు పని వెతుక్కుంటూ పడమరకు నడిచిన రోజులవి. షోలాపూర్‌లో తొలి నూలు మిల్లు, అక్కడివాళ్లు ఇప్పటికీ జూనీ మిల్ అని పిలుచుకునేది, 1877లో వచ్చింది. పద్మశాలీలు కొందరు మిల్లులో చేరితే, కొందరు ఇంట్లోనే మగ్గం వేసుకుని చీరలు నేశారు. కాలం గడిచేకొద్దీ చేమగ్గాల స్థానంలో సాంచాలు, అంటే మరమగ్గాలు, వచ్చాయి. చీరలు తగ్గి జకార్డు దుప్పట్లు, వాటి వెంట టెర్రీ టవళ్లు ఊరి సరుకయ్యాయి. పెద్ద మిల్లులు ఒక్కొక్కటీ మూతపడ్డా సాంచాలు ఆగలేదు. షోలాపూర్ చాదర్, షోలాపూర్ టెర్రీ టవల్ రెండింటికీ 2005-06లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దేశంలో ఆ గుర్తింపు అందుకున్న తొలి సరుకుల్లో ఇవీ ఉన్నాయి.

ఊరి తూర్పు భాగంలో ఇప్పటికీ మరాఠీ కలిసిన తెలంగాణ తెలుగు వినిపిస్తుంది. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ స్వామి రథం బయల్దేరుతుంది. చాలా ఇళ్లలో మగవాళ్లు సాంచాల మీదికి పోతే ఆడవాళ్లు బీడీలు చుడతారు.

సాంచాల షెడ్డులో గంట నిలబడితే జుట్టు మీద, కనుబొమల మీద తెల్లటి దూది పొడి పేరుకుంటుంది. లూపుల కోసం వాడే పోగుకు పురి తక్కువ పెడతారు. పురి తక్కువైతే మెత్తదనం, నీళ్లు పీల్చే గుణం రెండూ పెరుగుతాయి. దాంతో పాటు పీచూ ఎక్కువ రాలుతుంది. ఆ పీచు ఊపిరితిత్తులకు మంచిది కాదు, నిప్పుకు మాత్రం మహా ఇష్టం. 2025 మే 18న షోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడలోని ఒక టవళ్ల ఫ్యాక్టరీ తెల్లవారుజామున అంటుకుని ఎనిమిది మంది చనిపోయారు.

మగ్గం దిగిన టవలుతో ఒళ్లు తుడుచుకోలేం. పచ్చి పత్తి పీచు మీద పల్చటి మైనపు పొర ఉంటుంది. అది ఉన్నంతసేపూ నీటిచుక్క గుడ్డ మీద పూసలా నిలబడుతుంది. కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో ఉడికించి ఆ మైనాన్ని వదిలిస్తారు, హైడ్రోజన్ పెరాక్సైడుతో తెల్లగా చేస్తారు, ఆ తర్వాతే రంగు. మైనం పోయాక పత్తి అసలు స్వభావం బయటపడుతుంది. దాని సెల్యులోజ్ అణువుల నిండా నీటిని పట్టుకునే కొక్కేలే. మామూలు గాలి తేమలోనే పత్తి తన ఎండు బరువులో సుమారు 8.5 శాతం నీటిని దాచుకుంటుంది. పాలియెస్టర్ 0.4 శాతం దగ్గరే ఆగిపోతుంది. ఇక లూపు చేసే పని, ఒంటికి తగిలే పోగును ఎన్నో రెట్లు పెంచడం. పోగులోని సన్నని సందుల్లోకి నీళ్లు దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు తమంతట తామే ఎక్కుతాయి.

లూపును ఉన్నదున్నట్టు వదిలేయని రకాలూ ఉన్నాయి. లూపుల తలలను తిరిగే బ్లేడుతో కోసేస్తే వెల్వెట్‌లా నిగనిగలాడే వెలూర్ టవలు వస్తుంది. బొమ్మల అచ్చు దాని మీద బాగా దిగుతుంది. అయితే చెయ్యి వేస్తే హాయిగా ఉన్నా, తడి పీల్చడంలో కొయ్యని లూపుదే పైచేయి. అందుకే చాలా వెలూర్ టవళ్లకు ఒక ముఖమే కోసి, రెండో ముఖాన్ని తుడుచుకోవడానికి అలాగే ఉంచుతారు. తిరుప్పూరు అల్లిక మిల్లుల్లో మరో దారి ఉంది. అక్కడ నేతకు బదులు సూదులతో అల్లిన గుడ్డకు ఒకవైపు చిన్న లూపులు వస్తాయి. సన్నని తీగముళ్లు చుట్టిన రోలర్ల మీద దాన్ని నడిపితే లూపుల నుంచి పీచు లేచి నూగులా అల్లుకుంటుంది. చలికాలపు స్వెట్‌షర్టు లోపలి మెత్తదనం ఆ నూగుదే. అందులో చిక్కుకున్న గాలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది.

లూపే లేకుండా నూగు తెచ్చే ఫ్లాకింగ్ దారి పూర్తిగా వేరు. మిల్లీమీటరు లెక్కలో తరిగిన పీచు ముక్కలను జిగురు పూసిన గుడ్డ మీద చల్లుతారు. ఊరికే చల్లితే అడ్డదిడ్డంగా పడుకుంటాయి. అందుకని వేల ఓల్టుల విద్యుత్ క్షేత్రంలో వదులుతారు. ముక్కలన్నీ విద్యుదావేశం పుచ్చుకుని క్షేత్రరేఖల వెంట నిటారుగా ఎగిరి జిగురులో కొస దిగేలా గుచ్చుకుంటాయి. జిగురు ఆరాక ముఖమల్ తయారు. నగల పెట్టెల లోపలి మెత్తటి ఎరుపు, కార్లలోని సొరుగుల లైనింగు చాలావరకు ఇలా వచ్చినవే. టవలు మీద పేరో బొమ్మో ఉబ్బెత్తుగా తేలాలన్నా ఇలా చేయొచ్చు. కాకపోతే జిగురు ఉన్నంత మేరా నీళ్లు ఇంకవు. కాబట్టి ఆ పని మూలకో అంచుకో పరిమితం చేయడం మేలు.

నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి బజార్లలో టవలు కొనేవాళ్లు ముందు చేసే పని అరచేత్తో నిమిరి చూడటం. అంతగా నమ్మదగని పరీక్ష అది. కొత్త టవలుకు ఫ్యాక్టరీలోనే పట్టించిన మెత్తదనపు పూత చేతికి జారుడుగా తగులుతుంది, నీళ్లను మాత్రం నెట్టేస్తుంది. రెండు మూడు ఉతుకులు పడ్డాకే అలాంటి టవలు తుడవడం మొదలుపెడుతుంది. చీటీ మీది జీఎస్ఎం అంకె అంతకంటే నిజం చెబుతుంది. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములో ఆ అంకె. 75 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల పొడవున్న టవలు 400 జీఎస్ఎం అయితే 450 గ్రాములు తూగుతుంది, 600 అయితే 675 గ్రాములు.

పడమటి నెల్లూరులో టవలు ఆయుష్షును నీళ్లే ఎక్కువగా తేలుస్తాయి. ఆత్మకూరు పక్కన పెన్న మీద సోమశిల జలాశయం ఉంది. కానీ ఉదయగిరి మెట్టలో చాలా ఊళ్లకు బోరే దిక్కు. ఆ వైపు బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్నచోట సబ్బుకు సరిగా నురగ రాదు. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి నీళ్లలో కరగని తెట్టుగా మారి లూపుల సందుల్లో పేరుకుంటాయి. నెలలు గడిచేసరికి టవలు బిరుసెక్కి, నీళ్లు పీల్చకుండా ఒంటి మీద అటూ ఇటూ తిప్పుతుంది. దానికి మెత్తదనపు ద్రావణం పోస్తే కొవ్వు మీద మరో కొవ్వు పొర పడుతుంది. సబ్బు తగ్గించి, చివరి జాడింపు నీళ్లలో నిమ్మకాయ పిండితే ఉపయోగం. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టుకుని కరిగించుకుపోతుంది.

ఎండలో ఆరేసిన టవలు గట్టిపడటానికి మరో కారణమూ ఉంది. జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయం, కావో కంపెనీ పరిశోధకులు 2020లో దాన్ని వివరించారు. పూర్తిగా ఆరినట్టే కనిపించినా పత్తి పీచుల ఉపరితలాన్ని అంటిపెట్టుకుని కొంచెం నీరు మిగిలే ఉంటుంది. పక్కపక్క పీచులను అతికించేది ఆ నీరే. దండెం మీద నుంచి తీసేటప్పుడు రెండు కొసలు పట్టి గట్టిగా నాలుగుసార్లు విదిలిస్తే ఆ అతుకులు విడిపోయి లూపులు మళ్లీ లేస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో ఉదయగిరి ఎండకు ఎంత మందం టవలైనా మధ్యాహ్నం లోపే ఆరిపోతుంది. చిక్కంతా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో బంగాళాఖాతం నుంచి ముసురు పట్టే రోజుల్లో. 600 జీఎస్ఎం టవలు రెండు రోజులైనా లోపల తడిగానే ఉంటుంది. ఆ తడిలో మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా పెరిగి ముక్క వాసన పుట్టిస్తుంది. సబ్బుతో ఉతికినా అది పూర్తిగా పోదు. ఆ మూడు నెలలకు 350 నుంచి 400 జీఎస్ఎం టవళ్లు రెండు ఉంచుకుని మార్చి మార్చి వాడుకోవడం, ఉతికినప్పుడు చివర వేడినీళ్లలో ముంచి తీయడం సుఖం. పొలానికి పోయేవాళ్లు ఏ కాలంలోనైనా భుజాన వేసుకునేది పల్చటి తుండుగుడ్డే. లూపుల్లేని ఆ గుడ్డను కాలవలో తడిపి తలకు చుట్టుకున్నా, గట్టు మీద ఆరేస్తే అరగంటలో ఆరుతుంది.