దస్తావేజు వెంట నడిచే సూచిక

గోదావరి డెల్టాలో పొలమో కొబ్బరితోటో కొనదలచినవారు బయానా ఇచ్చే ముందు ఆ భూమిపై ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించుకుంటారు. ఒక సర్వే నంబరుపై నిర్ణీత కాలంలో నమోదైన విక్రయాలను, తనఖాలను, భాగపంపకాలను వరుసగా చూపే ఆ పత్రం దస్తావేజుల సూచికను వెతకడం ద్వారా తయారవుతుంది కనుక, సూచిక వెనుకబడితే పత్రమూ తప్పుతుంది.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఈ ప్రమాదాన్ని కంప్యూటర్లకు ఎంతో ముందే గుర్తించింది. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలోకి నకలు కాగా, రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్లతో మొదటి సూచికను, ఆస్తి వివరాలతో రెండవ సూచికను సబ్ రిజిస్ట్రారు నిర్వహించాలని 55వ సెక్షను, నకలు ముగిసిన వెంటనే వీలైనంతవరకు సూచికలోనూ పద్దు చేరాలని 54వ సెక్షను నిర్దేశించాయి. అమలాపురంలో నమోదైన దస్తావేజులో రాజోలు కార్యాలయ పరిధిలోని భూమి కూడా ఉంటే, ఆ సంగతి తెలిపే మెమోను రాజోలుకు పంపాలని, అక్కడ దానిని ఒకటో పుస్తకంలో చేర్చాలని 64వ సెక్షను చెబుతుంది.

1929లో ఆస్తి బదిలీ చట్టానికి జరిగిన సవరణ ఈ బాధ్యతకు మరింత బలం చేకూర్చింది. నమోదైన దస్తావేజు సంగతి ఆ తరువాత భూమి కొనేవారికి తెలిసినట్టే భావించాలని చెబుతూనే, దాని వివరాలు సూచికలో సరిగా ఎక్కి ఉండాలన్న షరతును ఆ సవరణ జోడించింది.

1998 నవంబరు 4న ‘కార్డ్’ అనే కంప్యూటరీకరణ పథకం నాటి ఆంధ్రప్రదేశ్‌లోని 200కు పైగా కార్యాలయాల్లో ఆరంభమై, చేతిరాత సూచికల పని డేటాబేసుకు మారింది. ఆంధ్రప్రదేశ్‌లో నేడు 1983 నుంచి నమోదైన వివరాలు కంప్యూటరులో దొరుకుతుండగా, అంతకు ముందువాటికి పాత పుస్తకాలనే తిరగేయాలి.

దస్తావేజును, దాని సూచిక పద్దును ఒకే లావాదేవీగా భద్రపరచడం ఇటువంటి వ్యవస్థలకు మేలైన మార్గం. అప్పుడు రెండూ నిలుస్తాయి, లేదా రెండూ నిలవవు. వెతుకులాటకు వేరే యంత్రం ఉన్నచోట, ప్రతి మార్పునూ ముందుగా వరుస సంఖ్యతో ఒక చిట్టాలో రాస్తారు. ఆ యంత్రం చిట్టాను క్రమం తప్పకుండా చదువుతూ, ఎంతవరకు చదివిందో గుర్తుంచుకుంటుంది కనుక, మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచే కొనసాగుతుంది. కార్యాలయం, దస్తావేజు సంఖ్య, సంవత్సరం కలిసి గుర్తింపుగా ఉంటే, ఒకే మార్పు రెండుసార్లు చేరినా పద్దు రెండు కాదు.

వెతికే ఆధారమే మారినప్పుడు పని మరింత కఠినమవుతుంది. అన్నదమ్ములు పంచుకున్న పొలం ఉపవిభాగాలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల రీసర్వే పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత నంబరుతో వెతికినా, కొత్త నంబరుతో వెతికినా అదే భూమి చరిత్ర పూర్తిగా దొరకాలంటే సూచిక రెండింటినీ ముడివేసి ఉంచాలి.

అందుకే దస్తావేజులతో సూచికను అప్పుడప్పుడు సరిపోల్చి చూడడం తప్పనిసరి. మూలం భద్రంగా ఉన్నంతకాలం పాడైన సూచికను మళ్లీ కట్టుకోవచ్చు; అసంపూర్ణమైన ఈసీని నమ్మి జీవితకాలపు సంపాదనను పొలంలో పెట్టిన కుటుంబానికి మాత్రం ఆ వెసులుబాటు ఉండదు.