ఈగ పగ తీర్చుకుంటుందా?



సినిమా కట్టుకథ అని మనకు తెలుసు. అయినా చూస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటాం. ఎందుకని?

2012లో 'ఈగ' అనే సినిమా వచ్చింది. తీసినాయన రాజమౌళి. అందులో నాని అనే పిలగాడు బిందును ప్రేమిస్తాడు. ఒక డబ్బున్నోడు అతన్ని చంపుతాడు. నాని ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడు.

నిజంగా ఈగకు పగ ఉంటుందా? ఉండదు. కానీ ఆ ఒక్క మాట ఒప్పుకుంటే చాలు. తక్కిన కథ నమ్మేటట్టే ఉంటుంది. ఈగ ఈగంతే ఉంటుంది. మాట్లాడదు. చెవి దగ్గర గుయ్యిమని నిద్ర చెడగొడుతుంది. మరి తాను నాని అని బిందుకు ఎట్ల చెప్పాలె? ఆమె కన్నీటితో అక్షరాలు రాసి చెప్తుంది. నోరు లేని ఈగకు అక్షరమే నోరయింది!

1957లో వచ్చిన 'మాయాబజార్' కూడా అంతే. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వస్తాడు. రూపం ఆడపిల్లది, తీరు మగవాడిది. సావిత్రి నటన చూసి కడుపుబ్బ నవ్వుతాం. బాగోతంలో మగాయన చీర కట్టి వచ్చినా ఆడమనిషి అనే అనుకుంటాం.

ఇది ఆడేవాళ్ళకు, చూసేవాళ్ళకు మధ్య ఒప్పందం. ఆట ముగిస్తే ఒప్పందం ముగిసినట్టే. కథలోని ప్రేమను, ధైర్యాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చు. మాయను మాత్రం అక్కడే వదిలి రావాలె.

ఎందుకంటే, కొన్ని సినిమాల్లో పాము కరిస్తే మంత్రం వేస్తారు. నోటితో విషం పీలుస్తారు. మనిషి లేచి కూర్చుంటాడు. మన పూడూరు చేలల్లో పాము కరిస్తే అట్ల చేయొద్దు. మంత్రానికి విషం దిగదు. పాము కరిచిన ప్రతిసారీ విషం ఎక్కదు. ఎక్కనివాళ్ళు బతుకుతారు. పేరు మంత్రానికి వస్తుంది!

పాము కరిచినచోట కోయొద్దు, పీల్చొద్దు, తాడుతో బిగించొద్దు. కాలో చెయ్యో కదలనీయొద్దు. 108కు ఫోన్ చేయాలె. వెంటనే సర్కారు దవాఖానకు తీసుకపోవాలె. విషానికి విరుగుడు సూదిమందే.

సినిమా తాను కథనని దాచదు. మంత్రం వేసేటోడు దాచుతాడు. అదే తేడా.

మాట్లాడుకోండి:
1. మీకు నచ్చిన సినిమాలో నిజంగా జరగని సంగతి ఏది? అయినా ఎందుకు నచ్చింది?
2. పాము కరిస్తే మీ ఊరి నుంచి ఏ దవాఖానకు పోవాలె? పేరు రాయండి.