ముసురు పట్టకముందే ఫ్లూ టీకా

ఆశ్వయుజం గడిచి కార్తికం సమీపించేసరికి తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఈశాన్య ఋతుపవనాల ముసురు మొదలవుతుంది. దేశం నలుమూలల నుండి వచ్చే యాత్రికులు క్యూలలో, బస్సులలో గంటల తరబడి ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ గడుపుతారు. ఫ్లూ వ్యాప్తికి ఇంతకన్న అనువైన పరిస్థితి ఏమి కావాలి?

చరక సంహిత విమానస్థానం మూడవ అధ్యాయం జనపదోద్ధ్వంసాన్ని వివరిస్తుంది. భిన్న ప్రకృతులు, భిన్న ఆహారాలు గల జనులు ఏకకాలంలో ఒకే వ్యాధికి లోనగుటకు గాలి, నీరు, నేల, కాలం చెడుటయే కారణమని అందులో చెప్పబడింది. 1918లో బొంబాయి రేవు ద్వారా ప్రవేశించిన ఫ్లూ మన దేశంలో లక్షలాది ప్రాణాలను హరించింది. 2009 మే నెలలో దేశంలోని తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులోనే బయటపడింది. ఆ వైరస్ సంతతి నేడు ఏటా వచ్చే ఫ్లూలో భాగమైపోయింది.

రొంప వేరు, ఫ్లూ వేరు

సాధారణ పడిశానికి తులసి, మిరియాలు, శొంఠి కలిపిన కషాయం, ఉప్పునీటి పుక్కిలింత ఉపశమనమిస్తాయి. ఫ్లూలో హఠాత్తుగా తీవ్రజ్వరం, ఒళ్ళునొప్పులు, పొడిదగ్గు, నీరసం కలుగుతాయి. వృద్ధులకు, గర్భిణులకు, పసిపిల్లలకు, మధుమేహం, ఉబ్బసం, గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి గలవారికి అది న్యుమోనియాగా పరిణమించి ప్రాణాపాయం కలిగించవచ్చు. కషాయం ఉపశమనానికే గాని టీకాకు బదులు కాజాలదు.

మందుల షాపులో జాగ్రత్తలు

ఇంగ్లండు, అమెరికాలలో మందుల షాపులోనే ఫార్మసిస్టు ఈ టీకా వేస్తాడు. మన వద్ద సాధారణంగా డాక్టరు చీటీతో మెడికల్ షాపులో కొని, ఆ డాక్టరు వద్దనో, నర్సు చేతనో వేయించుకుంటాము. కొన్ని క్లినిక్కులలో టీకా సిద్ధంగానే ఉంటుంది. దీనిని 2 నుండి 8 డిగ్రీల చలువలో భద్రపరచాలి. గడ్డకట్టిన టీకా పనికిరాదు. ఎండలో తిప్పిన టీకాను నమ్మరాదు. కనుక క్లినిక్కుకు వెళ్ళే సమయానికే కొని, చల్లని పెట్టెలో తీసుకుపోవాలి. అట్టపెట్టెపై గడువు తేదీని, అది ఏ ఏటి టీకాయో చూడాలి. పాత ఏటిది కొనవద్దు. వైరస్ రూపం మారుతున్నందున టీకా కూర్పునూ మారుస్తుంటారు.

ఎవరికి, ఎప్పుడు?

ఆరు నెలలు నిండినవారందరూ వేయించుకోవచ్చు. తొమ్మిదేండ్ల లోపు పిల్లలకు తొలిసారి నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు అవసరం. రక్షణశక్తి ఏర్పడుటకు రెండు వారాలు పడుతుంది గనుక ముసురుకు ముందే, సెప్టెంబరు–అక్టోబరులలో వేయించుకోవడం మేలు. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు.

సూదిమందుగా వేసే టీకాలో సజీవ వైరస్ ఉండదు. కనుక దానివల్ల ఫ్లూ రాదు. ఒకటి రెండు రోజులు భుజం నొప్పి, స్వల్పజ్వరం ఉండవచ్చు. తీవ్రజ్వరంతో ఉన్నవారు వాయిదా వేసుకోవాలి. మునుపు ఈ టీకాకు తీవ్రమైన ఎలర్జీ కలిగినవారు వేయించుకోరాదు. టీకా వ్యాధిని పూర్తిగా అడ్డగించలేకపోయినా, దాని తీవ్రతను తగ్గిస్తుంది.

ఆయాసం, ఛాతీనొప్పి, పెదవులు నీలివర్ణం దాల్చుట, మతిభ్రమ కనిపిస్తే లంఖణంతో కాలయాపన చేయక రుయా, స్విమ్స్ లేదా చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే చేరాలి. వైరస్‌ను అణచే మందు తొలి రెండు రోజులలో వాడినప్పుడే ఎక్కువ గుణమిస్తుంది.